పదేళ్ళ పిల్లకి హోలోకాస్ట్ కథలు ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చు, కానీ ఆ పుస్తకంతో మొదలుపెట్టకండి

ప్రశ్న అడిగినావిడ రాసింది క్లుప్తంగా ఇదీ: పాప ఐదో తరగతి, పదేళ్ళు. పుట్టినరోజుకి వాళ్ళ బాబాయి 'ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పైజామాస్' కొనిచ్చాడు. పిల్లల కథే కదా అనుకున్నారట, తీరా ఈవిడ చివరి పేజీలు తిరగేసి హడలిపోయి బీరువాలో పెట్టేశారు. అది ఇవ్వొచ్చా, అసలు ఆ వయసులో హోలోకాస్ట్ గురించి, అంటే హిట్లర్ నాజీ ప్రభుత్వం యూదుల్ని లక్షల్లో చంపిన ఘోరం గురించి చదివించాలా, చదివిస్తే ఏవి అని అడిగారు. తమది కూడా విశాఖే అన్నారు కాబట్టి కాస్త సొంత ఊరి చనువుతో రాస్తున్నాను, ఎక్కువైతే ఏమీ అనుకోకండి.

ముందు సమాధానం చెప్పేస్తాను. పదేళ్ళకి ఇలాంటి కథలు చదివించొచ్చు. కానీ బీరువాలో ఉన్న పుస్తకాన్ని ఇంకో మూడు నాలుగేళ్ళు అక్కడే ఉండనివ్వండి. దానికి బదులు 'వెన్ హిట్లర్ స్టోల్ పింక్ రాబిట్' గానీ 'నంబర్ ద స్టార్స్' గానీ తెచ్చుకోండి. రెండూ చదవగలిగితే ఇదే వరసలో. ఇక మీరు దాచింది మంచిదే గానీ దాచడానికి చెప్పిన కారణంతో నేను ఏకీభవించను. ముగింపు భయంకరంగా ఉందని కాదు నేను వద్దంటున్నది.

నా అనుభవం ఏమిటంటే, 27 ఏళ్ళు స్కూల్లో ఇంగ్లీషు చెప్పాను, చివరి పదకొండేళ్ళు లైబ్రరీ కూడా నా నెత్తినే ఉండేది. రిటైరయ్యాక సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలు చదువుతున్నాను. పది పన్నెండు మంది వస్తారు, పరీక్షలప్పుడు నలుగురు. ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టుకుని తెలుగులో చెబుతాను, మధ్యలో ఒక పేరా ఇంగ్లీషులోనే చదివి వినిపిస్తాను.

ఆ చారల పైజామా పుస్తకం నేను స్కూల్లో ఏడో తరగతికి రెండుసార్లు చెప్పాను. తెలియనివాళ్ళ కోసం: నాజీ శిబిరాధికారి కొడుకు బ్రూనో, తొమ్మిదేళ్ళవాడు, కంచెకి అవతల ఉన్న ష్ముయెల్ అనే యూదు పిల్లవాడితో స్నేహం చేస్తాడు, చివరికి వాడి బట్టలు వేసుకుని కంచె కిందనుంచి లోపలికి దూరతాడు, ఇద్దరూ గ్యాస్ చాంబర్‌లో పోతారు. రెండో ఏడాది పుస్తకం ముగించినరోజు క్లాసంతా ఏడుపు. ఒకమ్మాయి ముక్కు చీదుకుంటూ "వాళ్ళ నాన్న ఇంకో పది నిమిషాలు ముందు వచ్చుంటే బతికేవాడు కదా మేడమ్" అంది. నేను "ఎవరు?" అన్నాను. "బ్రూనో" అంది. "మరి ష్ముయెల్?" అన్నాను. క్లాసులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. వాళ్ళ నాన్న పది నిమిషాలు ముందొస్తే ష్ముయెల్ ఆ గదిలోకి వెళ్ళాల్సిందే. వాడి చావు అక్కడ రోజూ జరిగే పని, బ్రూనోది మాత్రం పొరపాటు. పుస్తకం పిల్లల చేత ఆ పొరపాటు కోసం ఏడిపిస్తోందని నాకు ఆరోజు బుర్రకి తట్టింది. అప్పటిదాకా నేనూ బ్రూనో కోసమే ఏడ్చాను, అదీ సిగ్గుచేటు.

ఇంకొకటి, కథ నిలబడటానికి చరిత్రని బాగా వంచారు. కథ జరిగే ఆష్‌విట్జ్ మరణశిబిరానికి తెచ్చిన చిన్నపిల్లల్లో ఎక్కువమందిని దిగిన రోజే చంపేశారు. కంచెలకి కరెంటు, వాటి వెంబడి కాపలా. అలాంటిచోట ఇద్దరు పిల్లలు నెలల తరబడి కూర్చుని కబుర్లు చెప్పుకోవడం అనేది కుదిరే పని కాదు. ఇక బ్రూనో ఏమీ తెలియని అమాయకుడు అనేది మరీ. ఆ కాలపు జర్మన్ బళ్ళలో యూదుల మీద ద్వేషం పాఠాల్లోనే ఉండేది, పదేళ్ళు నిండగానే మగపిల్లల్ని హిట్లర్ బాలదళంలో చేర్చేవాళ్ళు. అధికారి ఇంట్లో పెరిగిన తొమ్మిదేళ్ళవాడికి యూదులంటే ఎవరో తెలియదా? వాడు ఆష్‌విట్జ్‌ని 'అవుట్ విత్' అనీ ఫ్యూరర్‌ని (అంటే నాయకుడు, హిట్లర్ బిరుదు) 'ఫ్యూరీ' అనీ పలుకుతాడు, అవి ఇంగ్లీషులో తప్ప జర్మన్‌లో పుట్టే తప్పులు కావు కదా. 2020 జనవరిలో ఆష్‌విట్జ్ స్మారక మ్యూజియం వాళ్ళే ఈ చరిత్ర చదివేవాళ్ళూ చెప్పేవాళ్ళూ ఆ పుస్తకం జోలికి పోవద్దని బాహాటంగా చెప్పారు. రచయిత దాన్ని ఒక నీతికథలాగా చదవమన్నాడు, సరే, పద్నాలుగేళ్ళకి అలాగే చదవొచ్చు, ఎక్కడ వంకరుందో పట్టుకునే ఆటలాగా. పదేళ్ళ పిల్లకి మొదటి పుస్తకంగా అదే చరిత్ర అయి కూర్చుంటుంది.

చిన్నపిల్ల కళ్ళతో చెప్పిన కథ అంటే తేలిక చేసి చెప్పిన కథ అనుకుంటారు చాలామంది, పబ్లిషర్లతో సహా. నాకు తెలిసి అది తప్పు. 'పింక్ రాబిట్' లో అన్నా అనే తొమ్మిదేళ్ళ పిల్ల, 1933, బెర్లిన్. నాన్న హిట్లర్‌కి వ్యతిరేకంగా రాసే రచయిత, యూదుడు. హడావిడిగా ఇల్లు వదలాలి, ఒక్క బొమ్మే పెట్టుకోవాలి అంటే పాత గులాబీ కుందేలుని వదిలేసి కొత్తగా వచ్చిన కుక్కబొమ్మని పెట్టుకుంటుంది. తర్వాత నాజీలు వాళ్ళ ఇల్లంతా జప్తు చేశారని తెలిశాక ఆ పిల్ల బాధ అంతా కుందేలు గురించే. పుస్తకంలో శిబిరం లేదు, తుపాకీ పేలదు. కానీ అక్కడే ఉండిపోయిన జూలియస్ అంకుల్ అని ఒకాయన ఉంటాడు, ఎక్కడో ఒక యూదు నాయనమ్మో అమ్మమ్మో ఉందని ఆయన ఉద్యోగం తీసేస్తారు, చివరికి రోజూ జంతువుల్ని చూసుకోవడానికి వెళ్ళే జూ పాస్ కూడా లాక్కుంటారు. ఆ తర్వాత ఆయన చావు కబురు వస్తుంది. అన్నాకి అర్థమయ్యేది జూ పాస్ పోయిందని. పక్కన కూర్చుని చదువుతున్న అమ్మకి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఒకే వాక్యం ఇద్దరికీ రెండు బరువులతో అందుతుంది, పదేళ్ళ పిల్ల తను మోయగలిగినంతే ఎత్తుకుంటుంది. నేను పుస్తకం ఎంచుకునేటప్పుడు ముఖ్యంగా చూసేది ఇదే: కథలో పిల్లకి తెలియనిది నిజంగా ఆ వయసుకి తెలియనిదేనా, లేక రచయిత తన అవసరం కొద్దీ తెలియకుండా చేశాడా.

రాసినావిడ జూడిత్ కెర్, అది చాలావరకు ఆవిడ సొంత కథే. 1923లో బెర్లిన్‌లో పుట్టి, తొమ్మిదేళ్ళప్పుడు కుటుంబంతో పారిపోయి స్విట్జర్లాండ్, పారిస్ మీదుగా లండన్ చేరారు. ఎందుకు రాశారంటే, వాళ్ళ చిన్నబ్బాయి ఏదో హాలీవుడ్ పాటల సినిమా చూసొచ్చి "ఓహో, అమ్మ చిన్నప్పుడు ఇలా ఉండేదన్నమాట" అన్నాడట. బాబోయ్ ఇలా కాదురా అని కూర్చుని రాశారు, 1971లో వచ్చింది.

మా పిల్లలతో ఈ పుస్తకానికి ఒక పని చేయిస్తాను. వచ్చే ఆదివారం మీ స్కూల్ బ్యాగులో పట్టేవే తెచ్చుకోండి, తిరిగి ఇంటికి వెళ్ళేది లేదు అని చెప్పి పంపుతాను. ఒకసారి ఒకబ్బాయి బ్యాగు తెరిస్తే చార్జర్, రెండు చొక్కాలు, క్రికెట్ బాల్, ఒక ప్లాస్టిక్ డబ్బాలో పొట్టి గొలుసుతో కట్టిన తాళంచెవి. ఇంటికి రానప్పుడు తాళంచెవి ఎందుకురా అంటే "ఏమో మేడమ్, వదలబుద్ధి కాలేదు" అన్నాడు. ఆరోజు నేను వేరే ఏమీ చెప్పలేదు, అందరికీ బిస్కెట్లు పెట్టి పంపించేశాను.

మా అత్తగారికి 1942లో ఏడేళ్ళు. వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర ఉండేవారు. ఆ ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేశాయి కదా, ఊరు ఊరంతా ఖాళీ అయిపోయింది, వీళ్ళు ఎడ్లబండి కట్టించుకుని చోడవరం వైపు చుట్టాలింటికి వెళ్ళిపోయారు. బాంబు చప్పుడు ఎలా ఉందత్తయ్యా అంటే ఏమో గుర్తులేదనేవారు. మెట్ల కింద గూట్లో పెట్టిన లక్కపిడతలు మర్చిపోయి వచ్చేశానే, అందులో ఎర్ర మూత చిన్న కుండ ఒకటి ఉండేదే అని ఎనభై దాటాక కూడా చెప్పేవారు. పింక్ రాబిట్ చదువుతున్నప్పుడు నేను ఇది తప్పకుండా చెబుతాను, పిల్లలకి ఠక్కున అందుతుంది.

కానీ అక్కడ ఆగి తేడా కూడా చెప్పాలి. మా అత్తగారు మూడు నెలలకి తిరిగొచ్చారు, అదే ఇల్లు, అదే వీధి, లక్కపిడతలే లేవు. బాంబు పేరు అడిగి పడదు. నాజీలు పేరు అడిగి, తాతల పేర్లు అడిగి, కాగితం మీద రాసుకుని వచ్చారు. మన పిల్లలకి యుద్ధమంటే బీచ్ రోడ్డులో టికెట్ కొనుక్కుని కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి ఫొటో దిగడం, 1971లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన కథ, మనవాళ్ళు గెలిచారు. యుద్ధం వేరు, యుద్ధం మాటున ఒక జాతిని పనిగట్టుకుని వెతికి చంపడం వేరు అనేది వాళ్ళకి కొత్త సంగతి. మన ఊర్లో నేవీ కుటుంబాలు ఎక్కువ కదా, ఒక పిల్ల సూటిగా అడిగింది: "మా డాడీ కూడా యూనిఫాం వేసుకుంటారు, యూనిఫాం వేసుకున్నవాళ్ళు చెడ్డవాళ్ళు ఎలా అవుతారు?" నేను వాళ్ళ డాడీనే ఒక ఆదివారం రమ్మన్నాను. ఆయన వచ్చి, చట్టానికి విరుద్ధమైన ఆర్డరు ఇస్తే పాటించకూడదని మాకు నేర్పుతారు అని రెండు ముక్కల్లో చెప్పి వెళ్ళారు. నేను గంట చెప్పినా అంత బాగా చెప్పలేకపోయేదాన్ని.

మన ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది, ఇంగ్లీషు సైట్లలో ఎవరూ చెప్పరు. స్వస్తిక్. "ఇది మన గుమ్మం మీద ఉంది కదా, అమ్మమ్మ పసుపుతో వేస్తుంది, ఇది చెడ్డవాళ్ళ గుర్తా?" అని మీ పాప మొదటి పది నిమిషాల్లోనే అడుగుతుంది, సిద్ధంగా ఉండండి. నేను రెండూ బోర్డు మీద గీస్తాను. మనది వేల ఏళ్ళది, నిటారుగా, నాలుగు గళ్ళలో చుక్కలతో. వాళ్ళది 1920లో పార్టీ జెండా కోసం పెట్టుకున్నది, ఎర్ర గుడ్డ మీద తెల్ల గుండ్రం, అందులో నల్లగా ఏటవాలుగా. అమ్మమ్మ వేసిన దానికి ఏ దోషం లేదు, కానీ ఆ ఎర్ర జెండా మీద ఉన్నదాన్ని చూసి వణికిపోయిన మనుషులు కూడా నిజమే, రెండూ చెప్పండి. అలాగే హిట్లర్ అనే మాట. మనకి అది స్ట్రిక్టు హెడ్మాస్టరుకి పెట్టే ముద్దుపేరు, ఆ పేరుతో చిరంజీవి సినిమా కూడా వచ్చింది. మా పిల్లలు ఒక పుస్తకం పూర్తిచేశాక వాళ్ళంతట వాళ్ళే పీటీ సార్‌ని అలా అనడం మానేశారు. ఇప్పుడు ఇంకేదో అంటున్నారు, అది ఇక్కడ రాయలేను.

'నంబర్ ద స్టార్స్' సంగతి. డెన్మార్క్, 1943, పదేళ్ళ యానెమరీ, పక్కింట్లో ఉండే స్నేహితురాలు ఎలెన్ యూదుల పిల్ల. యూదుల్ని పట్టుకుపోబోతున్నారని ముందే పొక్కడంతో ఆ అక్టోబర్‌లో డెన్మార్క్ జనం ఏడువేలమందికి పైగా యూదుల్ని చేపల పడవల్లో స్వీడన్‌కి దాటించారు, అది జరిగిన కథ. దాదాపు 470 మంది మాత్రం దొరికిపోయారు. ఈ పుస్తకం మన ఊరి పిల్లలకి ఇంకా బాగా పడుతుంది, ఫిషింగ్ హార్బర్ చూసిన పిల్లలకి పడవ అడుగున చేపల వాసనలో మనుషులు ఎలా దాక్కుంటారో చెప్పక్కర్లేదు. ఇందులో పెద్దవాళ్ళు యానెమరీకి కావాలనే కొన్ని చెప్పరు, తెలియకపోతేనే ధైర్యంగా ఉండగలవు అంటాడు వాళ్ళ మావయ్య. తెలియకపోవడం అనేది ఇక్కడ కథకి ఇరుసు. బ్రూనో తెలియనితనానికీ దీనికీ ఎంత తేడా చూడండి. 1990లో న్యూబెరీ మెడల్, అమెరికాలో పిల్లల పుస్తకాలకి ఇచ్చే పెద్ద బహుమతి, వచ్చింది దీనికి. ఒక్క లోపం, ఇందులో పక్కింటివాళ్ళందరూ మంచివాళ్ళు. యూరప్‌లో చాలాచోట్ల అలా జరగలేదు, ఆ మాట మీరు చెప్పాలి. హోలోకాస్ట్‌లో చంపబడ్డ అరవై లక్షల యూదుల్లో దాదాపు పదిహేను లక్షలమంది పిల్లలే. ఈ అంకె పదేళ్ళ పిల్లకి చెప్పి లాభం లేదు, మీకు తెలిసి ఉంటే చాలు.

ఆన్ ఫ్రాంక్ డైరీ ఇవ్వొచ్చా అని తర్వాత అడుగుతారు, అందరూ అడుగుతారు. అది కథ కాదు, నిజం డైరీ. ఆ అమ్మాయికి పదమూడో పుట్టినరోజున చేతికొచ్చింది, మీ పాపకి కూడా పదమూడు రానివ్వండి. అందులో సగం వాళ్ళమ్మతో గొడవలు, వయసొస్తున్న పిల్ల విసుగు. పదేళ్ళకి బోర్ కొడుతుంది, పైగా చదివేశాను అనుకుని మళ్ళీ ముట్టుకోరు.

పన్నెండు దాటాక ఇవ్వాల్సింది 'ఫ్రెడ్రిక్' అనే జర్మన్ నవల, 1961 నాటిది, ఇంగ్లీషులో దొరుకుతుంది. ఒకే బిల్డింగులో పైన ఒక కుటుంబం, కింద ఒక కుటుంబం, ఇద్దరు ఒకే ఈడు మగపిల్లలు, ఒకడు యూదుడు. చెప్పేది రెండోవాడు. ఒక్కో ఏడాది ఒక్కో చిన్న సంగతి: స్కూలు, పార్కు బెంచీ, ఈతకొలను. 1938 నవంబర్‌లో యూదుల ఇళ్ళూ దుకాణాలూ పగలగొట్టిన రాత్రి తర్వాత కథ చెప్పే పిల్లవాడే సుత్తి పట్టుకుని ఆ విధ్వంసంలో కలిసిపోతాడు, అదీ సరదాగా. వాడు చెడ్డవాడు కాదు. నాకు తెలిసినంతలో ఇంత నిజాయితీగా రాసిన పిల్లల పుస్తకం ఇంకోటి లేదు. ఇది మా గుంపులో పెద్దపిల్లలకి చదివినప్పుడు, బెంచీ అధ్యాయం అయ్యాక, ఒకబ్బాయి చాలా మామూలుగా "మా నాయనమ్మ కూడా ఫలానావాడి బాక్సులోది తినొద్దంది" అన్నాడు. ఆ ఫలానావాడు అక్కడే రెండు కుర్చీల అవతల కూర్చుని ఉన్నాడు. నేను పోలికలు తేను, ఆ రోజు రాజకీయాలు అసలే తేను, తల్లిదండ్రుల నుంచి ఫోన్లు వస్తాయి. పిల్లలు వాళ్ళే తెస్తారు. నేను చేసిందల్లా కంగారుపడకుండా కాసేపు ఊరుకోవడం. అవతలి పిల్లవాడు "మా అమ్మ చేసే పులిహోర తింటే మీ నాయనమ్మే అడుగుద్ది" అన్నాడు, అందరూ నవ్వారు, నాకు నవ్వు రాలేదు.

నేను చేసిన పెద్ద తప్పు కూడా చెప్పాలి. ఒక స్కూల్లో ఎనిమిదో తరగతికి, నిజం చూపిస్తే గాని గట్టిగా నాటదు అనే ఉత్సాహంలో, శిబిరాల విముక్తి తర్వాత తీసిన శవాల ఫొటోలు ప్రొజెక్టర్ మీద వేశాను. లంచ్‌కి ముందు పీరియడ్. ఒకమ్మాయి రెండు రోజులు అన్నం ముట్టలేదని వాళ్ళమ్మ వచ్చి నా ముందు నిలబడితే నోట మాట రాలేదు. కథతోపాటు ఫొటోలు, యూట్యూబ్ వీడియోలు వద్దు. కథలో పిల్ల తనకి చేతనైనంత ఊహించుకుంటుంది, ఫొటో ఆ అవకాశం ఇవ్వదు. పాప తనే ఫోనులో వెతుకుతుంది, కాబట్టి చదువుతున్న వారం ఫోను మీ చేతిలో ఉంచుకోండి.

మరీ చిన్నపిల్లలు ఉంటే, అంటే ఏడెనిమిదేళ్ళ తమ్ముడు లాంటివాళ్ళు కూడా వింటానంటే, నేను టాగూర్ 'పోస్టాఫీస్' నాటకం చెబుతాను. జబ్బుపడి గది దాటకూడని అమల్, కిటికీ లోంచి దారినపోయేవాళ్ళని పలకరిస్తుంటాడు. పోలండ్‌లోని వార్సా ఘెట్టోలో (నాజీలు యూదుల్ని గోడ కట్టి బంధించిన పేట) అనాథాశ్రమం నడిపిన యానుష్ కోర్చాక్ అనే డాక్టరు, ఆయనా పిల్లల రచయితే, 1942 జులై 18న తన పిల్లల చేత ఈ నాటకమే వేయించాడు. మూడు వారాలు తిరక్కముందే ఆ సుమారు రెండు వందలమంది పిల్లల్నీ ట్రెబ్లింకా మరణశిబిరానికి తీసుకుపోయారు, తప్పించుకోమని చెప్పినా వినక ఆయనా వాళ్ళతోనే వెళ్ళాడు. చిన్నవాళ్ళకి నాటకం వరకే చెప్పి ఆపండి. మిగతాది మీ పాపకి ఎప్పుడు చెప్పాలో మీకే తెలుస్తుంది.

ఇక పని సంగతి. పుస్తకం ముందు మీరు చదవండి, పింక్ రాబిట్‌కి రెండు సాయంత్రాలు చాలు. పడుకునే ముందు చదివించకండి, సాయంత్రం పాలు తాగాక, వెలుతురు ఉండగా. రోజుకి ఒక అధ్యాయం. "నువ్వైతే ఏం చేసేదానివి?" అని అడగకండి, పిల్లలు మనకి నచ్చే జవాబు చెప్పేస్తారు. "ఇప్పుడు వాళ్ళమ్మ ఏం ఆలోచిస్తూ ఉంటుందంటావ్?" అని అడిగి చూడండి. మధ్యలో వద్దంటే మూసేయండి, బలవంతం వద్దు, మా దగ్గర ఒక పిల్ల తొమ్మిదేళ్ళకి మూసి పదకొండుకి తనే వచ్చి అడిగి తీసుకెళ్ళింది. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే, లేదా ఇల్లు మారి పిల్ల బెంగగా ఉంటే, ఆర్నెల్లు ఆగండి. బాబాయికి మాత్రం ఏమీ అనకండి, పుస్తకం కొనిచ్చే బాబాయిలు తక్కువ.

'నంబర్ ద స్టార్స్' కి వచ్చేసరికి చివర రచయిత్రి రాసిన వెనుకమాట వదలకుండా చదవండి. పడవల్ని వాసన చూసే కుక్కల్ని మోసం చేయడానికి వాడిన రుమాలు సంగతి అక్కడ ఉంది, కుందేలు నెత్తురు ఎండబెట్టిన పొడి, దాంట్లో కొకైన్ కలిపి. కల్పన అనుకుంటాం, నిజంగా చేశారట. కొకైన్ అంటే ఏమిటని పాప అడుగుతుంది, నేను "కుక్క ముక్కు మొద్దుబారే మందు" అని చెప్పి పేజీ తిప్పేస్తాను.